బాక్సు వెంట తిరిగిన జానపదం

మా నాన్న ఇరవై ఆరేళ్లు సినిమా బాక్సు వెంట తిరిగాడు. విజయవాడ గాంధీనగర్‌లో ఒక పంపిణీ ఆఫీసుకి రిప్రజెంటేటివ్. రీళ్లున్న రేకు పెట్టెల్ని బస్సు టాపు మీదికెక్కించి, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఆఫీసు ఏ ఊరు చెబితే ఆ ఊరికి వెళ్లేవాడు. ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయో దగ్గరుండి చూసుకోవాలి. సెకండ్ షో వదిలాక డీసీఆర్ మీద, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం మీద, హాలు మేనేజరు సంతకం తీసుకోవాలి. సినిమా ఎత్తేస్తే బాక్సుని భద్రంగా వెనక్కి చేర్చాలి. ఆఫీసుకిచ్చే ఈ లెక్క కాకుండా తన కోసం ఇంకో లెక్క రాసుకునేవాడు, జేబులో పట్టే చిన్న డైరీల్లో. తేదీ, ఊరు, హాలు, సినిమా పేరు, ఆ పేరు పక్కన సున్నా చుట్టిన ఒక అక్షరం. పౌ. జా. సాం.

పౌరాణికం, జానపదం, సాంఘికం. ఈ అక్షరాలెందుకని చిన్నప్పుడు అడిగాను. "పౌ అయితే ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు ఎక్కువ పెట్టుకోమని ముందే చెప్పాల్రా. జా అయితే నేల చూసుకోవాలి, పిల్లకాయలు గోడ దూకేస్తారు" అన్నాడు. సాం అయితే? "సాం అయితే హీరో ఎవరో చూసుకోవాలి."

సినిమా జానర్ల మీద పెద్ద పెద్దవాళ్లు రాసినవి నేను తర్వాత చాలా చదివాను. జానర్ అంటే ఏమిటన్న ప్రశ్నకి నాకు నచ్చిన జవాబు ఇప్పటికీ ఇదే. హాలుకి ఎవరొస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఏం ఆశించి వస్తారు అన్నది బాక్సు విప్పకముందే చెప్పగలిగే గుర్తు. ఆ డైరీలు నా చేతికొచ్చాక, తెలుగు సినిమా జానర్ల పరిణామం గురించి మనం అలవాటుగా చెప్పుకునే కథ నాకు మింగుడు పడటం లేదు. ఆ కథని మనం విడుదల తేదీల జాబితా ముందు పెట్టుకుని రాస్తున్నాం. జానర్ బతికేది ఆ జాబితాలో కాదు.

అలవాటు కథ ఏమిటో ముందు చెబుతాను. హాలీవుడ్ జానర్ల మీద థామస్ షాట్జ్ అనే పరిశోధకుడు 1981లో ఒక పుస్తకం తెచ్చాడు. కళారూపాలకి దశలుంటాయన్న ఫ్రెంచి కళాచరిత్రకారుడు ఆన్రీ ఫోసియాన్ ఆలోచనని తీసుకుని సినిమాలకి అన్వయించాడు. మొదట తడుముకునే దశ. తర్వాత ప్రేక్షకుడికీ తీసేవాడికీ మధ్య ఒప్పందం కుదురుకున్న దశ. ఆ మీదట నగిషీలు చెక్కే దశ. చివరికి జానర్ తన గురించి తనే మాట్లాడుకునే దశ, అంటే తన సూత్రాల్ని తనే ప్రశ్నించడమో ఎగతాళి చేసుకోవడమో. పుట్టుక, పడుచుతనం, నడివయసు, ముసలితనం. చదవగానే నిజమేననిపిస్తుంది.

మన జానపదానికి ఇది చొక్కా కుట్టినట్టు సరిపోతుంది కూడా. 1942లో బాలనాగమ్మ, 1949లో కీలుగుర్రం: తడుముకోవడం. 1951లో కె.వి.రెడ్డి తీసిన పాతాళభైరవి, 1961లో జగదేకవీరుని కథ: కుదురుకోవడం. 1960ల్లో విఠలాచార్య, కాంతారావు, ఎన్టీఆర్. కత్తియుద్ధాలు, దెయ్యాలు, గుహలు: నగిషీలు. 1970లు వచ్చేసరికి రంగుల సాంఘికాలు, గూఢచారులు, కౌబాయ్‌లు. 1971లో కృష్ణ మోసగాళ్లకు మోసగాడుతో గుర్రమెక్కేసరికి రాజకుమారుడు గుర్రం దిగిపోయాడు. జానపదం అయిపోయింది.

ఈ కథలో ప్రతి తేదీ సరైనదే. అయినా మొత్తం కథ తప్పు.

ఎందుకంటే నాన్న డైరీల్లో 1976లో జా ఉంది. 77లోనూ ఉంది. కొన్ని నెలల్లో వారానికి రెండు జా లున్నాయి. ఏమిటా సినిమాలు అని చూస్తే బందిపోటు, అగ్గిపిడుగు, జ్వాలాద్వీప రహస్యం, మళ్లీ పాతాళభైరవి. పన్నెండేళ్ల కిందటివి, పాతికేళ్ల కిందటివి. గీతలు పడి, అతుకులేసిన నలుపు తెలుపు ప్రింట్లు. విజయవాడలో కొత్త సినిమా రిలీజయిన వారమే, పాతిక మైళ్ల అవతల డేరా టాకీసులో నేల మీద కూర్చున్న పిల్లలు కాంతారావు కత్తి తిప్పడాన్ని మొదటిసారి చూస్తున్నారు. వాళ్లకది పాత సినిమా కాదు. వాళ్ల ఊరికి ఈ వారం వచ్చిన సినిమా.

మరి జానపదం చనిపోయిందని ఎప్పుడు రాయాలి? తీయడం ఆగినప్పుడా, చూడటం ఆగినప్పుడా?

పరిశోధకులు తీయడం ఆగినప్పుడే అంటారు. వాళ్లకి దొరికేది అదే మరి: ఏ సంవత్సరం ఏ సినిమా విడుదలైందో పుస్తకాల్లో ఉంటుంది, ఏ ఊళ్లో ఏ సినిమా ఎన్నోసారి ఆడిందో ఉండదు. దాంతో చూపు అంతా మద్రాసు స్టూడియోల వైపు తిరిగిపోయి, సినిమా చేరిన చోటు కనబడకుండా పోయింది. నవలల మీద పనిచేసిన ఇటలీ పండితుడు ఫ్రాంకో మొరెట్టి ఈ విషయంలో కొంచెం దగ్గరికొచ్చాడు. 1740 నుంచి 1900 దాకా ఇంగ్లండులో 44 నవలా జానర్లను లెక్కేసి, చాలావరకు పాతిక ముప్పై ఏళ్లకి తెరమరుగయ్యాయని, బహుశా ఒక తరం పాఠకులు ఒక్కసారిగా మారిపోవడమే కారణమని అన్నాడు. కనీసం చదివేవాళ్ల వయసు వైపు చూశాడు. కానీ నేల టిక్కెట్టు దగ్గర తరాలు అలా ఒక్కసారిగా మారవు. ప్రింటు తిరుగుతున్నంత కాలం కొత్త తరం వచ్చి పాత తరం పక్కనే కూర్చుంటుంది.

తీయడం ఎందుకు ఆగిందో కూడా మనం సరిగ్గా అడగలేదు. జనానికి మొహం మొత్తిందంటారు. మొహం మొత్తిన జనం పాత ప్రింట్లని వారానికి రెండుసార్లు చూడరు. నాకు తోచిన కారణం రంగు. నలుపు తెలుపులో అట్టముక్కకి మెరుగు కాగితం అంటిస్తే కిరీటం అయ్యేది. గోనెపట్టా మీద సున్నం వేస్తే కొండగుహ అయ్యేది. నీడలు మిగతా పని చేసేవి. రంగు ఫిల్ము ఆ అట్టనీ గోనెనీ ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. పైగా ముడి ఫిల్ము ఖరీదు. 1963లో విడుదలైన లవకుశ, మన తొలి పూర్తి రంగుల సినిమా, డబ్బు చాలక మధ్యలో ఆగి ఏళ్ల తరబడి సాగిన సంగతి తెలిసిందే. తక్కువ డబ్బుతో ఎక్కువ మాయ చూపించడం మీద నిలబడ్డ జానర్‌కి రంగు రావడమంటే కాళ్ల కింద నేల కదలడమే.

ఆ మాయ ఎలా చేసేవాళ్లో ఈ మధ్య ఒక విఠలాచార్య సినిమాని ఫోన్లో ఆపి ఆపి చూశాను. మాంత్రికుడు చెయ్యి ఊపుతాడు, పొగ లేస్తుంది, మనిషి ఉన్న చోట మేక. కెమెరా ఆపడం, మనిషిని తప్పించడం, మేకని తెచ్చి నిలబెట్టడం, మళ్లీ తిప్పడం. అంతే. ఆ మధ్యలో ఎంతసేపు పట్టిందో తెరమీదే ఉంది: వెనక చెట్టు నీడ జానెడు జరిగింది. మేక ఒక పట్టాన నిలబడి ఉండదు. మిగతా నటులు ఎత్తిన చేతులు ఎత్తినట్టే, తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉంచి, ఎండలో, ఆ జానెడు నీడ జరిగినంతసేపూ నిలబడ్డారు. పొగ విడిపోయాక ఒక చెలికత్తె చెయ్యి ముందున్న చోటికంటే కాస్త కిందికి దిగి ఉంది. నేను ఆ చెయ్యిని చాలాసేపు చూశాను. ఆ ఓర్పు ఒక వృత్తి. విఠలాచార్య కన్నడ దేశం నుంచి వచ్చి, ఇలాంటి నైపుణ్యమున్న మనుషుల్ని ఒక జట్టుగా చేసి, సినిమా వెంట సినిమా తీశాడు. జానర్ అంటే కథల మూస అని మాత్రమే అనుకుంటే ఈ జట్టు కనబడదు.

ఇక ప్రింట్లు తిరగడం ఎప్పుడు ఆగింది? దీనికి జవాబు నాన్న నోటివెంటే విన్నాను, ఏ సినిమా పుస్తకంలోనూ మొదట చదవలేదు. 1980ల్లో రాష్ట్రంలో స్లాబ్ విధానం వచ్చింది. అంతకుముందు వినోదపు పన్ను తెగిన టిక్కెట్ల మీద. స్లాబ్ వచ్చాక హాల్లో ఎన్ని సీట్లున్నాయో చూసి దాన్ని బట్టి పన్ను. జనం నిండినా నిండకపోయినా కట్టాల్సిందే. సగం హాలుతో నింపాదిగా ఆడే పాత జానపదం ఇక ఎవరికీ గిట్టుబాటు కాదు. నిండే అవకాశమున్న కొత్త సినిమానే వేయాలి. "పన్ను కాగితం వచ్చి కాంతారావుని ఇంటికి పంపించేసిందిరా" అనేవాడు నాన్న, బాధగానే. షాట్జ్ చెప్పిన నాలుగు దశల్లో ఏ దశా కాదిది. ముసలితనం కాదు, మొహం మొత్తడం కాదు. ఒక పన్ను పద్ధతి. జానర్ల పరిణామం మీద ఎవరైనా తెలుగులో రాయబోతే ఈ పన్ను గురించి ఒక అధ్యాయం రాయాలని నా కోరిక.

ఆ తర్వాతి డైరీల్లో పౌ, జా పలచబడ్డాయి. ఒక్క సాం లోంచి కొత్త అక్షరాలు పుట్టుకొచ్చాయి. ఫై అంటే ఫైట్లు. ఫ్యా అంటే ఫ్యామిలీ. సెం అంటే సెంటిమెంటు. 1988లో యముడికి మొగుడు పక్కన మాత్రం "పౌ+సాం" అని రాసి ప్రశ్నార్థకం పెట్టాడు. ఏ క్లాసు టిక్కెట్లు ఎక్కువ పెట్టుకోమనాలో తేలలేదన్నమాట. "సోషియో ఫాంటసీ" అనే మాట నాన్న దాకా ఇంకా రాలేదు. చిత్రమేమిటంటే ఆ మాటలో రెండు ముక్కలూ ఇంగ్లీషువే, కానీ ఆ జతని వాడింది మన సినిమా వాళ్లే. పేరు లేనంత మాత్రాన అలాంటి సినిమాలు లేవని కాదు, దేవాంతకుడు 1960లోనే వచ్చింది. అమెరికాలోనూ ఇంతే. 1903 నాటి రైలు దోపిడీ సినిమాని ఇవాళ తొలి వెస్టర్న్, అంటే తొలి కౌబాయ్ సినిమా, అంటాం గానీ, అప్పటి జనం దాన్ని దొంగతనం సినిమాగానో రైలు సినిమాగానో చూశారు. పేర్లు వెనకొచ్చి ముందున్నవాటికి అతుక్కుంటాయి.

1994 వేసవి. నాకు పదకొండేళ్లు. నాన్న నన్ను బాక్సుతో పాటు తీసుకెళ్లాడు. సినిమా భైరవద్వీపం. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు, బాలకృష్ణ హీరో. తెర మీద మొదట పడ్డ సంస్థ పేరు చందమామ విజయా కంబైన్స్. ఆ పేరులోనే ఉంది చరిత్ర. పాతాళభైరవి తీసిన విజయా వాళ్లదే చందమామ పత్రిక, 1947 నుంచీ. స్టూడియోలో రాజకుమారి కథలు ఆగిపోయిన ఏళ్లలో కూడా చందమామలో నెలనెలా ఒక రాజకుమారి, ఒక మాంత్రికుడు, ఒక మర్రిచెట్టు వస్తూనే ఉన్నారు. నా పక్క సీట్లో ఎవరో పెద్దాయన మాంత్రికుడు కనబడగానే ముందుకి వంగి కూర్చోవడం గుర్తుంది. నేనూ అలాగే వంగాను. ఆయనకి డేరా హాలు, నాకు చందమామ. ఇద్దరికీ ఆ సినిమా ఏం చేయబోతోందో ముందే తెలుసు, తెలిసే వచ్చాం. ఇరవై ఏళ్ల కిందట చనిపోయిందన్న జానర్‌కి అంత జనం ఎక్కణ్నించి వచ్చారు? వాళ్లు ఎక్కడికీ పోలేదు గనక. ఆ రాత్రి నాన్న డైరీలో, ఆరేళ్ల తర్వాత, ఒక జా ఉంది. పెన్ను ఎంత నొక్కి రాశాడంటే వెనక పేజీ మీద చారపడింది.

ఇప్పుడు నా వాదనకి ఎదురొచ్చే ఉదాహరణ తీసుకుంటాను. ఫ్యాక్షన్ సినిమా. షాట్జ్ గెలిచేలా కనబడేది ఇక్కడే. 1997లో ప్రేమించుకుందాం రా, ప్రేమకథలో సీమ పగలని కలిపి తడుముకుంది. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి, 2001 సంక్రాంతికి నరసింహనాయుడు, రెండూ బి.గోపాల్ దర్శకత్వంలో, ఒప్పందాన్ని ఖాయం చేశాయి. 2002 ఒక్క ఏడాదిలో ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి. 2003లో ఒక్కడు ఆ పగలోకి హైదరాబాదు కబడ్డీ కుర్రాణ్ని పంపింది. 2010కి మర్యాద రామన్న వచ్చి అదే పగని నవ్వులపాలు చేసింది, అదీ 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ కథని తెచ్చి సీమలో పెట్టి. 2018లో అరవింద సమేత, చంపుకున్నాక మిగిలిన ఆడవాళ్ల సంగతేమిటని అడిగింది. నాలుగు దశలూ వరసలో ఉన్నాయి. ఒప్పుకుంటాను.

కానీ ఆ సినిమాలు ఎక్కణ్నించి వచ్చాయని అడగండి. రిక్ ఆల్ట్‌మన్ అనే పరిశోధకుడు 1984లో ఒక మంచి మాటన్నాడు: జానర్‌కి ఒక పదకోశం ఉంటుంది, ఒక వ్యాకరణం ఉంటుంది, రెంటినీ విడివిడిగా చూడాలి. ఫ్యాక్షన్ సినిమా పదకోశం కొత్తది. సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు, తెల్ల పంచెలు. వ్యాకరణం? జనం దేవుడిలా కొలిచే దొర ఎక్కడో పరాయి ఊళ్లో మరో పేరుతో సేవ చేస్తుంటాడు. ఇంటర్వెల్ దగ్గర ముసుగు తొలగుతుంది. వెనకటి కథ వస్తుంది. రాజ్యం దుర్మార్గుడి చేతిలో ఉంది, ప్రజలు ఎదురుచూస్తున్నారు, తిరిగి రావాలి. 1995 నాటి రజనీకాంత్ బాషా ఈ కథకి ఫ్లాష్‌బ్యాక్ అమరిక ఇచ్చిందన్నది నిజమే. కానీ మారువేషంలో తిరిగే రాజు, అజ్ఞాతవాసం, గుర్తుపట్టే ప్రజలు, ఇవన్నీ నేల టిక్కెట్టు వాళ్లకి ఎప్పటినుంచో కంఠతా వచ్చు. కిరీటం తీసి తలపాగా చుట్టారు, గుర్రం తీసి సుమో ఇచ్చారు.

ఇది నా ఊహే అనుకునేవాళ్లు ఒక్క పేరు చూడాలి. సమరసింహారెడ్డికి కథ ఇచ్చింది విజయేంద్రప్రసాద్. 2009లో మగధీర కథ ఆయనదే. 2015, 2017 నాటి బాహుబలి కథా ఆయనదే. తానెవరో తెలియక కొండ కింద గూడెంలో పెరిగినవాడు మాహిష్మతికి వెళితే జనం అతని మొహం చూసి అతని తండ్రి పేరు పిలుస్తారు, ఆ పైన వెనకటి కథ మొదలవుతుంది. పంచె తీసేసి మళ్లీ కిరీటం పెట్టారు, అదే వ్యాకరణం. జానపదం 1970ల్లో పోయి 2009లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పుణ్యాన మళ్లీ పుట్టిందని రాస్తారు. కాదు. మధ్యలో అది కర్నూలు కడప దారుల్లో సుమోల్లో తిరిగింది.

దీంట్లో సీమకి జరిగిన అన్యాయం చెప్పకుండా ముందుకి పోలేను. జానపదంలో దుష్ట సామంతుడి రాజ్యం ఎక్కడా లేని ఊరు. ఫ్యాక్షన్ సినిమాలో ఆ రాజ్యానికి నిజమైన జిల్లా పేరు పెట్టారు. ఇంజనీరింగు హాస్టల్లో నా గదిలో ఉన్నవాడిది కడప జిల్లా. చదువుకున్న నాలుగేళ్లూ ప్రతి కొత్త పరిచయమూ అతన్ని "మీ ఇంట్లో బాంబులున్నాయా" అనే అడిగింది. వాళ్ల ఇంట్లో ఉన్నది ఎండిపోయిన రెండు బోర్లు, వేరుశెనగ పంట అప్పు. కథ వ్యాకరణాన్ని పాతచోట నుంచి తెచ్చుకోవడంలో తప్పు లేదు. ఊహాలోకపు చీకటిని నిజమైన ఊళ్ల మీద పులమడం తప్పు. ఆ తేడా చూడని జానర్ అధ్యయనం నాకు అక్కర్లేదు.

ఇంకో సంగతి. షాట్జ్ లాంటివాళ్లతో వాదిస్తూ ట్యాగ్ గాలగర్ అనే విమర్శకుడు, తొలినాటి వెస్టర్న్‌లు అమాయకమైనవని, తర్వాతివే తెలివిమీరినవని అనుకోవడం పాతవాటిని సరిగ్గా చూడకపోవడం వల్లే అన్నాడు. పాతాళభైరవి చూసిన ఎవరైనా చప్పట్లు కొట్టాల్సిన మాట. కుదురుకున్న దశకి నమూనాగా చూపే ఆ సినిమాలో హీరో రాజకుమారుడు కాదు, తోటమాలి కొడుకు. మొదట్లోనే నియమం వంగింది. పింగళి రాసిన మాంత్రికుడూ అతని శిష్యుడూ మాట్లాడుకుంటుంటే జానర్ తన మీద తనే నవ్వుకుంటూ ఉంటుంది, 1951లోనే. ముసలితనంలో రావాల్సిన తెలివి పడుచుతనంలోనే ఉంది.

అసలు మన మొదటి తేదీనే మనం దశాబ్దాల పాటు తప్పు చెప్పుకున్నాం. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్ని పుస్తకాల్లో చదువుకున్నామో. సినిమా పాత్రికేయుడు రెంటాల జయదేవ అప్పటి పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చారు. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు. విడుదల తేదీకే ఇంత పాటు పడాల్సి వస్తే, ఊరూరా ఏం ఆడిందో చెప్పే కాగితాల గతి ఏమిటి? డీసీఆర్‌లు చిత్తుకాగితాల కింద అమ్మేశారు. కథ సగం చెప్పి "మిగతా వెండితెర మీద చూడండి" అని ఊరించే పాటల పుస్తకాలు, అట్ట మీద జానపద చిత్రమని పెద్దక్షరాలతో ఉన్నవి, కొబ్బరిపీచుతో పాటు అటకల మీద మగ్గుతున్నాయి. నాన్న డైరీల్ని ఒక పెద్ద గ్రంథాలయానికి ఇస్తానని వెళ్లాను. అచ్చయినవైతేనే తీసుకుంటామన్నారు. చేతిరాతకి అచ్చుకంటే ఎక్కువ విలువ ఉండాల్సిన చోట ఆ మాట వినడం నాకు కష్టంగా అనిపించింది. ఇప్పుడు వాటిని ఒక్కో పేజీ ఫొటో తీసి, ఊరు, హాలు, సినిమా, అక్షరం అని పట్టికలోకి ఎక్కిస్తున్నాను. పదకొండేళ్లవి అయ్యాయి.

1979 నుంచి 82 దాకా నాలుగు డైరీలు చెదలు తినేశాయి. అట్టలు మిగిలాయి, లోపల పొడి. స్లాబ్ రాకముందు డేరా హాళ్లలో జా తగ్గుతూ వచ్చిందా, లేక నాన్న అన్నట్టు పన్ను కాగితం వచ్చిన రోజు దాకా నిండుగానే ఉందా అన్నది చెప్పగలిగినవి ఆ నాలుగే. అదే దారుల్లో ఇంకో ఆఫీసు బాక్సుతో తిరిగిన ఆయన తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నారని మొన్న తెలిసింది. ఫోన్ చేస్తే "నేనూ రాసేవాణ్ని బాబూ, ఎక్కడున్నాయో చూడాలి" అన్నారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాను.